శీతకాలపు ఉదయం: పొగమంచు, పొగ, విమానయానం

ధనుర్మాసంలో తెల్లవారుజామున ఉప్పల్ నుండి నాచారం వైపు నడచి వెళ్ళేవారికి మూడు వింతలు ఎదురవుతాయి. పారిశ్రామిక వాడలోని పొగగొట్టం నుండి వెలువడిన పొగ కొంత ఎత్తుకు నిలువుగా లేచి, అక్కడ ఏదో అడ్డు తగిలినట్లు ఆగి, చాప పరచినట్లు పక్కలకు పరచుకుంటుంది. చెరువు గట్టున ఉన్న చెట్ల మొదళ్ళు మంచులో మునిగిపోయి, తలలు మాత్రం పైకి తేలి కనిపిస్తాయి. పగటివేళ చెవినిబడని రైలుకూత మౌలాలి వైపు నుండి, పక్క వీధిలోనే రైలు పోతున్నదా అన్నంత స్పష్టంగా వినిపిస్తుంది. పొద్దెక్కి పది గంటలయ్యేసరికి ఈ మూడూ మాయమవుతాయి. పొగ చెదరిపోతుంది, మంచు విడిపోతుంది, రైలుకూత దూరమైపోతుంది.

చూడడానికి ఒకదానితో ఒకటి సంబంధం లేనట్లు కనిపించే ఈ మూడింటికీ కారణం ఒక్కటే. ఢిల్లీ విమానాశ్రయంలో ప్రయాణికులను గంటల తరబడి కూర్చోబెట్టేదీ, శంషాబాదులో దిగవలసిన విమానాన్ని ఒక్కొక్కప్పుడు వేరొక ఊరికి మళ్ళించేదీ, ఉబ్బసం ఉన్నవారిని మాఘమాసం వెళ్ళేవరకు బాధపెట్టేదీ కూడ ఆ కారణమే. దానిని తెలుసుకోవడానికి పెద్ద పరికరాలు అవసరం లేదు. పాఠశాలలో చెప్పే ఉష్ణం, ఆర్ద్రత అనే పాఠాలు చాలును.

తలక్రిందులైన గాలి

సూర్యకిరణాలు గాలిని నేరుగా వేడి చేసేది చాలా తక్కువ. అవి గాలిలో నుండి దూసుకువచ్చి నేలను వేడి చేస్తాయి. నేల తనను తాకి ఉన్న గాలిని వేడి చేస్తుంది. పొయ్యి మీది గిన్నెలో నీరు అడుగు నుండి కాగినట్లే గాలి కూడ అడుగు నుండి కాగుతుంది. అందువల్లనే పైకి పోయిన కొద్దీ చల్లదనం పెరుగుతుంది. సగటున ఒక కిలోమీటరు ఎత్తుకు ఆరున్నర డిగ్రీల చొప్పున ఉష్ణోగ్రత తగ్గుతుంది.

రాత్రివేళ సంగతి వేరు. ప్రొద్దు గ్రుంకిన తరువాత నేలకు వచ్చే వేడి లేదు; కాని నేల తనలోని వేడిని కంటికి కనిపించని కిరణాల రూపంలో ఆకాశంలోకి వెదజల్లుతూనే ఉంటుంది. దీనినే వికిరణం అంటారు. ఆకాశంలో మబ్బులు ఉంటే ఆ వేడిని కొంత పట్టి తిరిగి నేలకు పంపుతాయి. అవి నేలకు కప్పిన దుప్పటి వంటివి. శీతకాలంలో దక్కను పీఠభూమి మీద ఆకాశం నిర్మలంగా ఉంటుంది కనుక ఆ దుప్పటి లేదు. పైగా రాత్రి దీర్ఘమైనది. హైదరాబాదులో జూన్ నెలలో రాత్రి సుమారు 11 గంటలు ఉండగా డిసెంబరు చివర సుమారు 13 గంటలు ఉంటుంది. నేల చల్లబడడానికి ఇంతకంటె మంచి అదను లేదు. బేగంపేట వాతావరణ కేంద్రంలో 1946 జనవరి 8న ఉష్ణోగ్రత 6.1 డిగ్రీల సెంటీగ్రేడుకు దిగినది ఇట్టి రాత్రులలోనే.

ఈ విధంగా చల్లబడిన నేల, తనను తాకిన గాలిని చల్లబరుస్తుంది. గాలి మంచి ఉష్ణవాహకం కాదు. కనుక ఆ చల్లదనం పైకంతా ప్రాకదు, అడుగు పొరలోనే నిలిచిపోతుంది. తెల్లవారేసరికి నేల దగ్గర 14 డిగ్రీలు ఉంటే, నూరు రెండు వందల మీటర్ల ఎత్తున 17, 18 డిగ్రీలు ఉండవచ్చును. పైకి పోయిన కొద్దీ చల్లబడవలసిన గాలి వేడెక్కుతున్నది! ఈ తలక్రిందుల స్థితినే వాతావరణ శాస్త్రంలో ఉష్ణోగ్రతా విలోమం అంటారు.

చల్లని గాలి బరువైనది. వెచ్చని గాలి తేలికైనది. బరువైనది అడుగున, తేలికైనది పైన ఉన్నప్పుడు రెండూ కలిసే ప్రసక్తి లేదు. నీటిమీద నూనె తేలినట్లు వెచ్చని పొర పైననే నిలుస్తుంది. అడుగు నుండి కొంత గాలి పైకి లేచినదనుకుంటే, వ్యాకోచించడం వలన అది ప్రతి నూరు మీటర్లకు సుమారు ఒక డిగ్రీ చొప్పున చల్లబడుతుంది. చుట్టూ ఉన్న గాలి చూడబోతే తనకంటె వెచ్చగా ఉంటుంది. అప్పుడది చుట్టూ ఉన్నదానికంటె బరువెక్కి మళ్ళీ క్రిందికి జారుతుంది. పొగగొట్టం నుండి వేడిగా బయలుదేరిన పొగ కూడ తన వేడి చుట్టుపక్కల వేడితో సమానమైన ఎత్తున ఆగిపోయి, అక్కడి నుండి పక్కలకు పరచుకుంటుంది. ఇది మొదటి వింతకు సమాధానం. విలోమపు పొర ఆ ప్రాంతమంతటికీ బోర్లించిన మూత వంటిది.

రైలుకూత కూడ ఈ మూతకే తగిలి తిరిగి వస్తుంది. ధ్వని వెచ్చని గాలిలో త్వరగా, చల్లని గాలిలో మెల్లగా పోతుంది. ప్రతి డిగ్రీకి దాని వేగంలో సెకనుకు 0.6 మీటరు తేడా ఉంటుంది. పైభాగం ముందుకు సాగి, అడుగుభాగం వెనుకపడినప్పుడు ధ్వనితరంగం క్రిందికి వంగుతుంది. పగలు ఆకాశంలోకి పోయి వ్యర్థమయ్యే కూత, తెల్లవారుజామున ఇండ్ల మీదికి వంగి వస్తుంది.

మంచు ఎట్లా పుడుతుంది?

గాలిలో కంటికి కనిపించని నీటి ఆవిరి ఎప్పుడూ ఉంటుంది. కాని గాలి ఎంత ఆవిరిని ఇముడ్చుకోగలదనేది దాని వేడిని బట్టి ఉంటుంది. ఒక ఘనమీటరు గాలి 30 డిగ్రీల వద్ద సుమారు 30 గ్రాముల ఆవిరిని ఇముడ్చుకోగలదు. 20 డిగ్రీల వద్ద 17 గ్రాములు, 15 డిగ్రీల వద్ద 12.8 గ్రాములు, 10 డిగ్రీల వద్ద 9.4 గ్రాములు మాత్రమే.

జనవరిలో ఒక సాయంకాలం ఉష్ణోగ్రత 26 డిగ్రీలు, గాలిలో ఆవిరి ఘనమీటరుకు 12.8 గ్రాములు ఉన్నవనుకుందాము. ఆ వేడి వద్ద గాలి 24.4 గ్రాములు మోయగలదు. కనుక అది సగానికి కొంచెమే ఎక్కువ నిండి ఉన్నది. అంటే సాపేక్ష ఆర్ద్రత 52 శాతం. రాత్రి గడిచి ఉష్ణోగ్రత 15 డిగ్రీలకు దిగినప్పుడు అదే 12.8 గ్రాములతో గాలి పూర్తిగా నిండిపోతుంది. ఆ ఉష్ణోగ్రతను తుషార స్థానం అంటారు. ఇంకొక్క డిగ్రీ తగ్గితే గాలి మోయగలిగేది 12.1 గ్రాములే. మిగిలిన 0.7 గ్రాము నీరుగా మారి తీరవలసినదే. అందులో కొంత గడ్డిమీద, రేకుల కప్పులమీద మంచుబిందువులుగా కూర్చుంటుంది. కొంత గాలిలోనే సూక్ష్మమైన బిందువులుగా తేలుతుంది. ఈ తేలే బిందువుల గుంపే పొగమంచు. ఒక కిలోమీటరు దూరంలోపలి వస్తువులు మాత్రమే కనిపించే స్థితి ఏర్పడితే దానిని పొగమంచు అనీ, అంతకంటె దూరం కనిపిస్తే పలుచని మంచు అనీ వాతావరణ శాఖ వారు వ్యవహరిస్తారు.

దీనికి కొద్దిపాటి గాలి కూడ కావాలి. గాలి బొత్తిగా కదలకుంటే నేలను తాకిన పలుచని పొర మాత్రమే చల్లబడి, గడ్డిమీద మంచు కురవడంతో పని ముగుస్తుంది. గాలి గట్టిగా వీస్తే పైనున్న వెచ్చని పొడిగాలి వచ్చి కలిసి మంచు విడిపోతుంది. సెకనుకు ఒకటి రెండు మీటర్ల పిల్లగాలి ఉంటేనే చల్లదనం కొన్ని పదుల మీటర్ల ఎత్తుకు ప్రాకి దట్టమైన మంచు కడుతుంది.

హైదరాబాదుకు తూర్పున ఉన్న ఈ ప్రాంతానికి మంచు కట్టే అనుకూలతలు కొన్ని ఉన్నవి. దక్షిణాన మూసీ పారుతున్నది. ఉప్పల్ నల్లచెరువు, రామంతాపూర్ చెరువు, నాచారం చెరువు గాలికి తేమను ఇస్తాయి. చల్లని గాలి నీటివలె పల్లానికి పారుతుంది కనుక చెరువుల చుట్టూ, మూసీ ఒడ్డున అది నిలువ చేరుతుంది. నగరం నడుమ సిమెంటు కట్టడాలు పగటి వేడిని రాత్రి వరకు దాచుకుంటాయి. నగరపు అంచున ఖాళీ స్థలాలు త్వరగా చల్లబడతాయి. చెట్ల మొదళ్ళు మునిగి తలలు తేలడమనే రెండవ వింతకు ఇది సమాధానం. మంచు కట్టినది అడుగు పొరలోనే; చెట్ల తలలు విలోమపు వెచ్చని పొరలో ఉన్నవి.

పొగ తోడైనప్పుడు

ఆవిరి బిందువుగా మారడానికి ఒక ఆధారం కావాలి. పరిశుద్ధమైన గాలిలో, తుషార స్థానానికి దిగినంత మాత్రాన బిందువులు ఏర్పడవు. ధూళి, ఉప్పు, పొగలోని గంధకపు సమ్మేళనాలు మొదలైన వాటి కణాల మీద ఆవిరి చేరి బిందువవుతుంది. వీటిని సాంద్రీకరణ కేంద్రకాలు అంటారు. వాహనాలు, కర్మాగారాలు, చెత్తమంటలు ఉన్నచోట ఇట్టి కణాలకు కొదువ లేదు.

కణాలు ఎక్కువైతే ఏమి జరుగుతుందో ఒక చిన్న లెక్కవలన తెలుస్తుంది. ఒక ఘనమీటరు గాలిలో 0.2 గ్రాము నీరు 20 మైక్రానుల వ్యాసం గల బిందువులుగా ఉన్నదనుకుందాము. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. అప్పుడు ఆ ఘనమీటరులో సుమారు 4 కోట్ల 80 లక్షల బిందువులు ఉంటాయి. అన్నీ కలిసి వెలుగుకు అడ్డుపడే వైశాల్యం సుమారు 150 చదరపు సెంటీమీటర్లు. అదే నీరు ఎక్కువ కేంద్రకాల మధ్య పంచుకోవలసి వచ్చి, బిందువు వ్యాసం సగమై 10 మైక్రానులైతే, ఘనపరిమాణం ఎనిమిదవ వంతవుతుంది కనుక బిందువుల సంఖ్య ఎనిమిది రెట్లవుతుంది. ఒక్కొక్క బిందువు అడ్డు వైశాల్యం నాల్గవ వంతవుతుంది. ఎనిమిదిని నాలుగుతో భాగిస్తే రెండు. అంటే నీరు ఒక్క చుక్క కూడ పెరగకుండానే వెలుగుకు అడ్డు రెండింతలైనది. మొదటి మంచులో 130 మీటర్ల దూరం కనిపిస్తే రెండవ మంచులో 65 మీటర్లే కనిపిస్తుంది. చిన్న బిందువులు నేలకు దిగడం కూడ ఆలస్యమే. కనుక ఆ మంచు తొందరగా విడవదు.

తెల్లవారుజామున ఎక్కడో తగులబెట్టిన చెత్తకుప్ప, పొగగొట్టాన్ని సరిగా చూసుకోని కర్మాగారం, రోడ్డు మీద లేచిన ధూళి - ఇవన్నీ మంచును మరింత దట్టం చేసేవే అని దీనివలన తెలుస్తున్నది.

విమానచోదకుని చిక్కు

విమానం పైనుండి పోతున్నప్పుడు చోదకునికి రన్‌వే స్పష్టంగా కనిపించవచ్చును. దిగడానికి వచ్చేసరికి అదే రన్‌వే కనిపించకుండా పోవచ్చును. చాలమందికి ఇది ఆశ్చర్యంగా తోస్తుంది. కాని ఇందులో ఉన్నది చిన్న త్రికోణమితి లెక్క మాత్రమే.

నేలమీద 60 మీటర్ల మందం గల మంచుపొర ఉన్నదనుకుందాము. నిట్టనిలువుగా క్రిందికి చూసే చూపు 60 మీటర్ల మంచును దాటితే చాలు. విమానాలు సామాన్యంగా నేలకు 3 డిగ్రీల కోణంలో దిగుతాయి. ఆ కోణంలో ఏటవాలుగా చూసే చూపు అదే పొరలో సుమారు 1,150 మీటర్లు ప్రయాణం చేయవలసి ఉంటుంది. మంచు మారలేదు, చూపు దాటవలసిన మంచు మాత్రం 19 రెట్లయినది. నూతిలోకి నిలువుగా తొంగిచూస్తే అడుగు కనిపించి, దూరం నుండి చెరువు వంక చూస్తే అడుగు కనిపించకపోవడం వంటిదే ఇది.

వేగం మరొక చిక్కు. పెద్ద విమానం నేలను తాకేముందు సెకనుకు సుమారు 70 మీటర్ల వేగంతో వస్తుంది. 550 మీటర్ల దూరం కనిపిస్తే చోదకునికి ఎనిమిది సెకనుల వ్యవధి ఉన్నది. 200 మీటర్లే కనిపిస్తే మూడు సెకనులు కూడ ఉండదు.

ఈ చిక్కు నుండి తప్పించడానికి రేడియో సహాయంతో దిగే పద్ధతి ఏర్పడినది. రన్‌వే దగ్గర నుండి రెండు రకాల రేడియో కిరణాలు పంపుతారు. ఒకటి రన్‌వే నడిమి గీతకు కుడి ఎడమలను, రెండవది దిగవలసిన ఏటవాలును తెలుపుతుంది. చోదకుడు పరికరాలను చూస్తూ ఆ దారినే దిగుతాడు. అయినప్పటికీ మొదటి తరగతి ఏర్పాటులో నేలకు 60 మీటర్ల ఎత్తుకు వచ్చేసరికి దీపాలో, రన్‌వేయో కంటికి కనిపించి తీరాలి. కనిపించకపోతే మారు ఆలోచన లేకుండా విమానాన్ని తిరిగి పైకి లేపవలసినదే. రన్‌వే మీద దృశ్యత కనీసం 550 మీటర్లు ఉండాలి. రెండవ తరగతిలో ఈ హద్దు 300 మీటర్లు. మూడవ తరగతిలోని ఉన్నత స్థాయి ఏర్పాటులో 50 మీటర్ల దృశ్యతలోనైనా యంత్రమే విమానాన్ని దింపగలదు. దీనికి విమానాశ్రయంలోనూ, విమానంలోనూ తగిన పరికరాలు ఉంటే చాలదు; చోదకులకు ప్రత్యేక శిక్షణ కూడ ఉండాలి. ఈ మూడింటిలో ఏది లేకపోయినా విమానం ఆగవలసినదే.

దృశ్యతను కొలిచే పరికరం రన్‌వే పక్కన ఉంటుంది. ఒక కొసనుండి వెలుగును పంపి, రెండవ కొసకు ఎంత చేరినదో చూచి, మంచు దట్టాన్ని లెక్కగడతారు. బెంగళూరులోని జాతీయ వైమానిక ప్రయోగశాల ఇట్టి పరికరాన్ని స్వదేశంలోనే తయారు చేసి 'దృష్టి' అని పేరు పెట్టినది. ఢిల్లీ విమానాశ్రయంలో మంచు పుట్టుకను, విడిపోవడాన్ని క్షుణ్ణంగా పరిశీలించడానికి పూనాలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ 2015 శీతకాలం నుండి ప్రత్యేక పరిశోధన సాగించినది.

మంచులో ప్రమాదం ఆకాశంలోనే ఉండాలని లేదు. 1977 మార్చి 27న కేనరీ దీవులలోని తెనెరిఫే విమానాశ్రయంలో రెండు పెద్ద బోయింగు విమానాలు రన్‌వే మీదనే ఢీకొని 583 మంది మరణించారు. కొండప్రాంతంలోని ఆ విమానాశ్రయాన్ని మబ్బు క్రమ్మివేయడం వలన రెండు విమానాలలోని వారూ ఒకరినొకరు చూడలేకపోయారు. నియంత్రణ గోపురంలోని వారు ఇద్దరినీ చూడలేకపోయారు. మాటలలో వచ్చిన పొరపాటును కన్ను దిద్దగలిగేది; మంచు ఆ కన్నును మూసివేసినది. విమానయాన చరిత్రలో ఇది అతి ఘోరమైన ప్రమాదాలలో ఒకటి. ఒక్కగంట ఆలస్యాన్ని ప్రయాణికులు ఓర్చుకోవలసిన అవసరం దీనినుండి బోధపడుతుంది.

ఒక ఊరి మంచు, మరొక ఊరి ఆలస్యం

బేగంపేట రన్‌వే తూర్పు పడమరలుగా ఉన్నది. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు శంషాబాదుకు మారేవరకు, తూర్పుగా ఎగిరే విమానాలు మౌలాలి, నాచారం వైపు ప్రజలకు నిత్యం కనిపించేవి. శంషాబాదు విమానాశ్రయం సముద్రమట్టానికి సుమారు 617 మీటర్ల ఎత్తున, బయలు ప్రదేశంలో ఉన్నది. శీతకాలంలో కొన్ని ఉదయాలు అక్కడ కూడ మంచు కట్టి, విమానాలను ఇతర ఊళ్ళకు మళ్ళించవలసి వస్తున్నది. నగరానికి ఉత్తరాన దుండిగల్, హకీంపేటలలో వైమానికదళం వారి శిక్షణ విమానాలకు కూడ ఉదయపు దృశ్యత ముఖ్యమే.

కాని హైదరాబాదు ప్రయాణికుని ఎక్కువగా బాధించేది హైదరాబాదు మంచు కాదు; ఉత్తరాది మంచు. ఒక విమానం రోజుకు నాలుగైదు ఊళ్ళు తిరుగుతుంది. ఉదయం ఢిల్లీలో అది మూడు గంటలు ఆగితే, మధ్యాహ్నం హైదరాబాదుకు, సాయంకాలం మరొక ఊరికి కూడ ఆలస్యంగానే చేరుతుంది. శంషాబాదులో ఎండ కాస్తుండగా 'మంచువలన ఆలస్యం' అని ప్రకటించడంలో అసత్యమేమీ లేదు. మంచు కురిసినది 1,200 కిలోమీటర్ల దూరంలో.

బయలుదేరేముందు ప్రతి విమానంలోనూ గమ్యానికి చాలినంత ఇంధనమే కాక, అక్కడ దిగలేకపోతే మరొక ఊరికి పోవడానికి, ఆపైన కొంతసేపు ఆకాశంలో తిరగడానికి చాలినంత ఇంధనం పోస్తారు. శీతకాలంలో చోదకుడు మొట్టమొదట అడిగేది గమ్యస్థానంలోని దృశ్యత. రెండవది ప్రత్యామ్నాయపు ఊరిలోని దృశ్యత.

శీతకాలం విమానానికి కేవలం శత్రువని అనుకోరాదు. 40 డిగ్రీల వేసవి గాలికంటె 15 డిగ్రీల గాలి 8, 9 శాతం సాంద్రమైనది. రెక్కలకు ఊతం, ఇంజనుకు ప్రాణవాయువు ఎక్కువగా దొరుకుతాయి. కాని చిన్న శిక్షణ విమానాలలోని పెట్రోలు ఇంజనుకు ఒక చిత్రమైన ఆపద ఉన్నది. పెట్రోలు ఆవిరి అయ్యేటప్పుడు గుప్తోష్ణాన్ని గ్రహిస్తుంది కనుక, బయట 15 డిగ్రీలు ఉన్నా కార్బురేటరు లోపల ఉష్ణోగ్రత సున్నకు దిగువకు పోయి, గాలిలోని తేమ మంచుగడ్డగా పేరుకోవచ్చును. హిమాలయాలకు పోకుండానే ఇంజనులో మంచు కట్టగలదు!

అదే ప్రశాంతత, మరొకరికి అనుకూలం

నాచారానికి ఉత్తరాన, ఇ.సి.ఐ.ఎల్. దగ్గర టాటా మౌలిక పరిశోధన సంస్థ వారి బెలూన్ కేంద్రం ఉన్నది. 1969లో ఏర్పడిన ఈ కేంద్రం నుండి, పలుచని పాలిథీన్ పొరతో చేసి హైడ్రోజను నింపిన భారీ బెలూన్లను పరిశోధన పరికరాలతో 30, 40 కిలోమీటర్ల ఎత్తుకు పంపుతారు. నింపేటప్పుడు గట్టిగాలి వీస్తే ఆ పలుచని పొర చిరిగిపోతుంది. కనుక ఆకాశం నిర్మలంగా, నేలగాలి నిశ్చలంగా ఉండే శీతకాలపు రాత్రులు, తెల్లవారుజాములు వారికి అనుకూలమైనవి. విమానచోదకుని ఆపివేసే ప్రశాంతతనే బెలూన్ శాస్త్రజ్ఞుడు కోరుకుంటాడు.

ఆ బెలూను దారిలో మరొక విశేషం ఉన్నది. నేల దగ్గర 15 డిగ్రీల చలికే వణికే నగరం మీద, 16, 17 కిలోమీటర్ల ఎత్తున ఉష్ణోగ్రత సున్నకు దిగువ సుమారు 80 డిగ్రీలు ఉంటుంది. ఆ చలిలో పెళుసెక్కి పగలకుండా ఉండే పాలిథీన్‌ను తయారు చేయడమే ఈ కేంద్రం సాధించిన విజయాలలో ఒకటి. ఈ పరికరాలు పారాషూట్లతో పొలాలలో దిగుతూ ఉంటాయి. కనిపించినవారు వాటిని విప్పకుండా, కదపకుండా దగ్గరలోని పోలీసులకు తెలియజేయాలి.

నిత్యజీవితంలో

బోర్లించిన మూత మాట తిరిగి చెప్పుకోవాలి. వేసవి మధ్యాహ్నం నేలనుండి వెలువడిన పొగ 1,500 మీటర్ల ఎత్తు వరకు కలిసిపోగలిగితే, శీతకాలపు ఉదయం 150 మీటర్లలోనే ఇమడవలసి ఉంటుంది. పొగ అంతే, చోటు పదవ వంతు. కనుక పీల్చే గాలిలో పొగ పది రెట్లు. 1952 డిసెంబరు 5 నుండి 9 వరకు లండను నగరం మీద ఇట్టి మూతే పడినది. బొగ్గుపొగ, మంచు కలిసి నగరాన్ని చీకటి చేశాయి. సుమారు 4,000 మంది మరణించారని అప్పట్లో లెక్కించారు. తరువాతి పరిశోధకులు ఆ సంఖ్య 12,000 వరకు ఉండవచ్చునన్నారు. 1956లో అక్కడ గాలిని శుభ్రపరిచే చట్టం చేయడానికి ఆ అయిదు రోజులే కారణం.

హైదరాబాదు మంచు లండను మంచు కాదు. ఎండ ఎక్కగానే మూత తొలగిపోతుంది. కాని పిల్లలు బడికి బయలుదేరేదీ, పెద్దలు నడకకు పోయేదీ, కార్మికులు పని మారేదీ మూత తొలగకముందే. రెండున్నర మైక్రానులకంటె చిన్న ధూళికణాలు 24 గంటల సగటున ఘనమీటరుకు 60 మైక్రోగ్రాములు మించరాదని భారతదేశంలో 2009లో హద్దు విధించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన హద్దు 15 మాత్రమే. ఇంత చిన్న కణాలు ముక్కులో ఆగక ఊపిరితిత్తుల లోతులకు పోతాయి. ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవారు ఎండ వచ్చిన తరువాత నడకకు పోవడం మేలు.

వరంగల్లు రోడ్డు మీద ఉదయం పోయే వాహనదారులకు కూడ ఒక హెచ్చరిక అవసరం. మంచులో పెద్ద దీపాలు వేస్తే బిందువుల మీదనుండి వెలుగు తిరిగి కండ్లలోనే పడుతుంది. క్రిందికి వంచిన దీపాలే వాడాలి. కనిపించే దూరంలో సగంలోపల ఆగగలిగినంత వేగమే క్షేమం. రైలుబండ్ల విషయంలో చాల కాలంగా ఒక మంచి ఉపాయం ఉన్నది. సిగ్నలు రావడానికి ముందు పట్టాల మీద చిన్న టపాకాయ అమర్చుతారు. ఇంజను చక్రం పడగానే అది ప్రేలి, కంటికి కనిపించని సిగ్నలును చెవికి తెలియజేస్తుంది.

సంక్రాంతి పండుగ ఈ విషయాలన్నిటికీ ప్రయోగశాల వంటిది. భోగినాడు తెల్లవారుజామున వేసే మంటల పొగ ఇంటికప్పుల ఎత్తున పరచుకొని ఎంతకూ కదలదు. ఎండిన కట్టెలు, పిడకలు కాక టైర్లు, ప్లాస్టిక్ వేస్తే ఆ విషపు పొగంతా మంటచుట్టూ నిలిచినవారే పీల్చవలసి ఉంటుంది. అదేరోజు ఉదయం ఏడు గంటలకు గాలిపటం ఎగరవేయబోయిన పిల్లవాడు ఎంత పరుగెత్తినా అది లేవదు. విలోమం ఉన్నంతసేపు పైగాలి నేలకు దిగదు. నేల కాగి, మూత తొలగి, పైగాలి క్రిందికి కలిసిన తరువాతనే గాలిపటాలు లేస్తాయి. దాబాల మీద గాలిపటాలు ఎప్పుడు లేచాయో చూచి, ఆ ఊరి మూత ఎప్పుడు తొలగినదో చెప్పవచ్చును.

విద్యార్థులు చేయదగిన పరిశీలనలు

తుషార స్థానాన్ని పాఠశాలలోనే కనుగొనవచ్చును. మెరిసే స్టీలు గ్లాసులో నీరు పోసి, కొద్దికొద్దిగా మంచుముక్కలు వేస్తూ థర్మామీటరుతో జాగ్రత్తగా కలపాలి. గ్లాసు వెలుపలి మెరుపు మాసి తేమ పట్టినప్పటి ఉష్ణోగ్రతే తుషార స్థానం. దీనిని సాయంకాలం ఆరు గంటలకు కనుగొని, ఆ రాత్రికి వాతావరణ శాఖ వారు చెప్పిన కనిష్ఠ ఉష్ణోగ్రతతో పోల్చాలి. కనిష్ఠం తుషార స్థానం కంటె తక్కువగా ఉండి, ఆకాశం నిర్మలంగా, గాలి మందంగా ఉంటే మరునాటి ఉదయం మంచును ఎదురుచూడవచ్చును.

పాఠశాల మేడమీద నుండి కనిపించే నీటిట్యాంకు, గోపురం, మెట్రో స్తంభాలు మొదలైన వాటి దూరాలను ముందుగా పటంలో కొలిచి పట్టిక వేసుకొని, ప్రతి ఉదయం ఎంతవరకు కనిపించినదో వ్రాయాలి. రన్‌వే పక్కన పరికరం చేసే పని ఇదే. డిసెంబరు, జనవరి నెలలలో రోజూ ఈ రెండు పరిశీలనలు వ్రాసి ఉంచిన తరగతికి, ఎన్నిసార్లు తమ ఊహ నిజమైనదో, ఎన్నిసార్లు తప్పినదో తెలుస్తుంది. తప్పిన రోజులనే ముఖ్యంగా చర్చించాలి. మబ్బు పట్టినదా, గాలి లేచినదా, ఎవరైనా చెత్త తగులబెట్టారా అని విచారించినప్పుడే శాస్త్రం పాఠం నుండి బయటికి వస్తుంది.

మంచును ఆపడం ఎవరి చేతిలోనూ లేదు. రాత్రి దీర్ఘమైనంతకాలం, ఆకాశం నిర్మలమైనంతకాలం అది కురుస్తుంది. ఆ మంచులో ఎంత పొగ కలుస్తుందనేది మాత్రం చాలవరకు మనుష్యుల చేతిలోనే ఉన్నది.